అద్దాల పెట్టెలో ఉండనన్న గంట

నేను ఒక ఇత్తడి గంటను. గుడిగంటను కాను, బడిగంటనూ కాను. నాకు దండం పెట్టినవాళ్ళు లేరు, నా మోత విని ఇంటికి పరుగెత్తిన పిల్లలూ లేరు. ఆఫీసరు బల్లమీద కూర్చుని, నెత్తిన ఒక్కటి తగిలిస్తే టంగుమనే గంటను. ఇదంతా వినయంతో చెబుతున్నాననుకోకండి. వినయం నాకు మొదటినుంచీ లేదు.

పుట్టింది ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ అజ్జరంలో. బిందెలు పోయగా మిగిలిన ఇత్తడితో నన్ను పోసిన మేస్త్రి, చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు మోగించి చూసి, "దీని గొంతు గట్టిదిరా, ఊరుకునే రకం కాదు" అన్నాడు. నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అది. ఆ మాట నిలబెట్టుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

అక్కడినుంచి ఒక జిల్లా పెద్దాసుపత్రిలో సూపరింటెండెంటు డాక్టర్ పేర్రాజుగారి బల్లమీదికి చేరాను. ఒకసారి కొడితే అటెండరు రావాలి. రెండుసార్లు కొడితే నర్సు రావాలి. మూడుసార్లు కొడితే ఎవరికో మూడిందని వరండాలో అందరూ సర్దుకునేవారు. పేర్రాజుగారి హస్తవాసి మంచిదని ఊళ్ళన్నీ చెప్పుకునేవి. ఆ చేతి బరువెంతో నా నెత్తికి తెలుసు. ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే ఆయన నన్ను కొట్టి "నెక్స్ట్!" అనేవారు. అది వేగం అనుకునేవారు ఆయన. నేనూ అదే అనుకుని గర్వంగా మోగేదాన్ని.

ఒకరోజు పొద్దున దయామణి అనే నర్సు కేసుషీట్ల కట్టతో వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, మాట మెత్తన. మూడో నంబరు మంచం మీద సూరిబాబు అనే తాపీమేస్త్రి ఉన్నాడు, కాలికి పుండు. డాక్టరుగారు షీటు చూసి పెన్సిలిన్ సూదిమందు రాసి, చీటీ చింపారు.

"సార్, ఆయన భార్య ఇందాక ఒక మాట చెప్పిందండి..." అంది దయామణి.

ఆయన చెయ్యి నా నెత్తిన పడింది. "నెక్స్ట్!"

నేను మోగాను. ఆమె మాట ఆగిపోయింది. నా మోతకు అటెండరు లోపలికొచ్చి చీటీ పట్టుకుపోయాడు. ఒక్క దెబ్బకు రెండు పనులూ అయ్యాయి. ముందు చిన్న పరీక్షసూది వేసి చూడాలని వార్డులో అందరికీ తెలుసు. కానీ రాసింది పెద్దాయన, అన్నీ చూసే రాసుంటారనుకుని మందు ఎక్కించేశారు. మిగతా షీట్లు ముగించి దయామణి వార్డుకు పరుగెత్తేసరికి సూరిబాబు లేడు. అతని భార్య ఏడుపు గోడలు దాటి నా బల్లదాకా వినిపించింది. ఆ రోజు నన్ను మళ్ళీ ఎవరూ కొట్టలేదు.

విచారణకు వచ్చిన అధికారి, "తెలిసి కూడా ఎందుకు చెప్పలేదమ్మా?" అని దయామణిని నిలదీశాడు. ఆమె ఆయన వంక చూడలేదు, నా వంక చూసింది.

"చెప్పబోయానండి. గంట కొట్టేశారు."

పేర్రాజుగారు తల్చుకుంటే ఆమెను ఇరికించి తాను తప్పుకోగలరు. ఆయన తల వంచుకుని, "ఆవిడ చెప్పింది నిజం. రాసుకోండి" అన్నారు. ఆ ఒక్క మాటకు నేను ఆయన్ని క్షమించాను. నన్ను నేను మాత్రం క్షమించుకోలేదు. చెయ్యి ఆయనదే కావచ్చు, గొంతు నాది.

రెండేళ్ళకు ఆయన రిటైరయ్యారు. ఆఫీసువాళ్ళు పనికిరాని సామాను జాబితాలో నన్ను రాసి, జ్ఞాపకంగా ఆయన చేతిలో పెట్టారు. పనికిరాని సామానట! నేను! ఆయన నన్ను గుడ్డసంచిలో వేసుకుని తిన్నగా దయామణి క్వార్టరుకు వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు.

"దయామణిగారూ, దీన్నేం చెయ్యమంటారు? గోదాట్లో పారెయ్యమంటే పారేస్తాను."

అన్నేళ్ళలో ఆయన ఆమెను 'గారూ' అనడం నేను విన్నది అదే మొదలు.

"పారేస్తే సూరిబాబు తిరిగొస్తాడాండీ? ఇన్నాళ్ళూ పైవాళ్ళ చేతిలో ఉంది కదండీ. ఇకమీదట కిందవాళ్ళ చేతికిద్దాం" అందామె.

వైద్యసారథి ట్రస్టు అలా పుట్టింది. డాక్టర్లకు, నర్సులకు, ఆసుపత్రి సిబ్బందికి నాయకత్వం నేర్పే ధర్మసంస్థ అని కాగితం మీద రాశారు. నిజానికి అక్కడ నేర్పింది పెద్దవాళ్ళకు నోరు మూసుకోవడం, చిన్నవాళ్ళకు నోరు తెరవడం. మిషన్ హైస్కూలువాళ్ళు శనివారం మధ్యాహ్నాలు డ్రాయింగు గది ఇచ్చారు. ఒక జంబుఖానా, ఒక పొడవాటి బెంచీ, నేను.

బెంచీ మీద పేర్రాజుగారే రోగిగా పడుకునేవారు. ఒక డాక్టరు వచ్చి వైద్యం నడిపించాలి. రోగి గురించి ఒక ముఖ్యమైన సంగతి దయామణి ఒక్కరి చెవిలోనే వేసేది, అదీ గదిలో అందరికన్నా చిన్న ఉద్యోగి చెవిలో. నన్ను తీసుకెళ్ళి వాళ్ళ ముందే పెట్టేది. వాళ్ళు నన్ను కొడితే ఎంతటి డాక్టరైనా ఆగిపోయి, "చెప్పండి, వింటున్నాను" అనాలి. అంతకుమించి ఒక్క మాట అనకూడదు. కొట్టకపోతే బెంచీ మీద రోగి చచ్చిపోతాడు. ఆట అంతే.

ఏడు శనివారాలు పేర్రాజుగారు వరసగా చచ్చిపోయారు. ఒక్కరూ నన్ను ముట్టుకోలేదు. గున్నమ్మ అనే ఆయా నా ముందు కూర్చుని చేతులు కొంగులో దాచుకునేది. కొట్టవే తల్లీ, నాకు నొప్పెట్టదు, అని నేను లోపల మొత్తుకునేదాన్ని.

ఎనిమిదో శనివారం శుభాకర్ అనే కుర్ర డాక్టరు వంతు వచ్చింది. చురుకైనవాడు, కాస్త పొగరు. ఆపరేషనుకు మత్తు ఇమ్మని గడగడా ఆర్డర్లు వేస్తున్నాడు. గున్నమ్మ చేతులు కొంగులోంచి బయటికి తీసింది. ఉన్నట్టుండి కళ్ళు గట్టిగా మూసుకుని పిడికిలితో నా నెత్తిన ఒక్కటి దిగేసింది.

"ఆయ్, బాబుగారు ఇడ్లీలు తిన్నారండీ! ఇందాకే నాలుగు తిన్నారండీ!"

గదంతా గొల్లున నవ్వింది. కడుపు నిండా తిన్న మనిషికి మత్తిస్తే ప్రాణానికే ముప్పని తెలిసినవాళ్ళు మాత్రం నవ్వలేదు. శుభాకర్‌కు ఆర్డర్లు ఆపక తప్పలేదు. ఆయా చేత ఆగిపోవడమా! చివరికి పొగరు దిగమింగుకుని, "చెప్పండి, వింటున్నాను" అన్నాడు. బెంచీ మీద పేర్రాజుగారు కళ్ళు తెరవలేదు కానీ, వాటి చివర్లనుంచి నీళ్ళు చెవుల్లోకి కారడం నేను చూశాను.

ఆ తర్వాత నాకు తీరికే లేదు. దయామణి ఒళ్ళో కూర్చుని ఆర్టీసీ బస్సుల్లో నాలుగు జిల్లాలు తిరిగాను. ల్యాబు టెక్నీషియన్లు, స్ట్రెచరు తోసేవాళ్ళు, కొత్త నర్సులు నన్ను కొట్టి కొట్టి నెత్తిన సొట్ట పెట్టారు. ఆ సొట్టంటే నాకు గర్వం. ఒక పేరున్న సర్జను, "ఆయా కొడితే నేనాగాలా?" అని చెప్పులేసుకుని పోయాడు. మరుసటేడు తనంతట తనే వచ్చి జంబుఖానా మీద కూర్చున్నాడు. ఈ మధ్యలో తన నర్సింగ్‌హోములో ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

దయామణి మాత్రం నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు. తుడిచేది, మోసేది, ఇంకొకరి ముందు పెట్టేది. నా నెత్తి మీదకు ఆమె చెయ్యి వచ్చేది కాదు.

పేర్రాజుగారు నిజంగానే చనిపోయాక, కొన్నేళ్ళకు శుభాకర్ ట్రస్టు చైర్మన్ అయ్యాడు. ట్రస్టుకు సొంత భవనం వచ్చింది, చల్లటి గదులొచ్చాయి, మెత్తటి కుర్చీలొచ్చాయి. గంట ఆట పెద్ద డాక్టర్లకు చిన్నతనంగా ఉందని దాన్ని ఆపేశారు. నన్ను అద్దాల పెట్టెలో కూర్చోబెట్టి, 'చారిత్రక గంట. ముట్టుకోరాదు' అని చీటీ అంటించారు. మనుషులకు ఎవరి నోరైనా మూయించాలంటే రెండు దారులు. ఒకటి తిట్టడం, రెండోది సన్మానం చెయ్యడం. నాకు రెండోది జరిగింది. ఆరేళ్ళు ఆ పెట్టెలో కోపంతో ఉడికిపోయాను.

నిరుడు నలభయ్యో వార్షికోత్సవం చేశారు. నన్ను పెట్టెతో సహా వేదిక మీద పెట్టారు. ముందు వరసలో పెద్ద డాక్టర్లు, వెనక వరసల్లో పాత ఆయాలు, నర్సులు. డెబ్బయ్యేళ్ళ దయామణికి శాలువా కప్పి వేదిక మీద ఒక మూల కుర్చీ వేశారు. చైర్మన్ మైకు ముందు కాగితం విప్పాడు. వచ్చే ఏడాదినుంచి శిక్షణ డాక్టర్లకు, మేనేజర్లకు మాత్రమే ఉంటుందట. ఆయాలకు, కింది సిబ్బందికి నాయకత్వంతో పనేమిటని నిపుణులు తేల్చారట.

దయామణి లేచింది. శాలువా జారి కింద పడింది, తీసుకోలేదు. నా దగ్గరికి వచ్చింది. పెట్టెకు తాళం లేదు, ఆ చీటీయే తాళం. అద్దం మూత ఎత్తి పక్కన పెట్టి, నన్ను కొట్టింది.

ఆరేళ్ళ కోపం కదా, భవనం అదిరేలా మోగాను.

"మేడమ్, తర్వాత మాట్లాడుకుందాం, ముఖ్య అతిథిగారికి టైము..." అన్నాడు శుభాకర్.

ఆమె మళ్ళీ కొట్టింది. అప్పుడు చిట్టచివరి వరసలోంచి ఒక ముసలి గొంతు లేచింది. గున్నమ్మ!

"ఆయ్, చెప్పండమ్మా, వింటన్నాం!"

ఒకరి తర్వాత ఒకరు వెనక వరసలన్నీ లేచి నిలబడ్డాయి. "చెప్పండి, వింటున్నాం." ముందు వరసలో ఆ చెప్పులేసుకుని పోయిన సర్జను కూడా కర్ర ఊతంతో లేచాడు. శుభాకర్ హాలు వంక చూశాడు, గున్నమ్మ వంక చూశాడు, మైకు పక్కకు నెట్టేశాడు.

"చెప్పండి మేడమ్. వింటున్నాను."

అందరూ ట్రస్టు గురించే అంటుందనుకున్నారు, నేనూ అనుకున్నాను. దయామణి శుభాకర్ వంక కాదు, గోడమీద దండ వేసిన పేర్రాజుగారి ఫోటో వంక తిరిగింది.

"సార్, మూడో నంబరు మంచం సూరిబాబుకి ఆ సూదిమందు పడదండి. ఇంతకుముందొకసారి వేస్తే స్పృహ తప్పిపోయాడని ఆయన భార్య చెప్పిందండి."

నలభై రెండేళ్ళ క్రితం నేను సగంలో కోసేసిన వాక్యం అది. ఆ రోజు అది పూర్తయింది.

శుభాకర్ చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు, మళ్ళీ బయటికి తియ్యలేదు. అద్దాల పెట్టెలో ఇప్పుడు ప్లాస్టిక్ పువ్వులు పెట్టారు. నేను జంబుఖానా మీద ఉన్నాను. ఈ శనివారం నా ముందు ఒక కొత్త ఆయా కూర్చుంది, చేతులు కొంగులో దాచుకుంది. బెంచీ మీద రోగిగా పడుకున్నది శుభాకర్.

కొట్టవే తల్లీ. నాకు నొప్పెట్టదు.