గద్దె కింది తడి

నర్సింగం ఫస్టు షిఫ్టు దిగి వచ్చేసరికి నీళ్ల గోలెం నిండి ఉండాలి. బొగ్గుబాయి నుంచి అతను కళ్లు తప్ప ఏమీ కనిపించకుండా వస్తాడు. ఆ నలుపు వదలాలంటే భార్య లస్మవ్వ ఊరవతలి వాగు దాకా పోయి, ఇసుకలో చెలిమె తోడి, బిందె తరువాత బిందె మోయాలి. డెబ్బై రెండు కరువు తరువాత ఆ వాగు కూడా పిసినారిదైపోయింది. నీళ్లు ఊరేదాకా ఎండలో కూర్చోవాలి. కడుపుతో ఉన్నప్పుడూ మోసింది, జ్వరంతోనూ మోసింది. ఒక్క పూట ఆలస్యమైతే చాలు, ఇంటి ముందరి మట్టిగద్దె మీద నుంచి మామ ఆగయ్య అందుకునేవాడు: "బాయిల పన్జేసి అచ్చినోనికి నీళ్లు పెట్ట శాతగాదు. పొద్దుగాలసంది ఇంట్ల కూసుండి ఏం జేస్తున్నట్టు?" పొద్దుటి నుంచీ గద్దె దిగనిది ఎవరో లస్మవ్వకు తెలుసు. అయినా మళ్లీ బిందె ఎత్తుకునేది.

ఆ ఎండాకాలం కొత్త క్వార్టర్లు కట్టేందుకు నేల ఎలాంటిదో చూడాలని సర్వే వాళ్లు వచ్చారు. వాళ్ల పెద్ద వామనరావు, మంథని మనిషి. నాలుగు ఇనుప కడ్డీలు వరుసగా నేలలో దిగ్గొట్టి, వైర్లు తగిలించి, పెట్టెలోంచి కరెంటు పంపి దాని మీది ముల్లు చూసేవాడు. ఎండిన నేలలోకి కరెంటు సరిగా దిగడం లేదు, కడ్డీల మొదళ్లలో నీళ్లు పోయాలన్నాడు.

"మా కోడలు తెస్తది సారూ," అన్నాడు ఆగయ్య, తానే మోసుకొచ్చేవాడిలా.

తెచ్చింది, పోసింది. పోస్తూ అడిగింది కూడా: "కరెంటు పెట్టి భూమిల ఏం సూస్తున్నరు సారూ?"

"ఎండిన మన్ను, రాయి కరెంటును అడ్డుకుంటయమ్మా. తడి ఉన్నకాడ సులువుగ పోతది. కడ్డీలు దూరం జరిపినకొద్దీ లోతు సంగతి తెలుస్తది."

కడ్డీల వరుస గద్దె పక్కకు వచ్చినప్పుడు వామనరావు కనుబొమలు ముడిచి మళ్లీ కొలిచాడు. "ఈ గద్దె కింద మంచి తడి ఉన్నట్టుంది. కానీ నమ్మకంగ చెప్పలేను. బంకమన్నున్నా ముల్లు గిట్లనే చూపెడ్తది. తవ్వితేనే తేలేది."

లస్మవ్వ బిందె కింద పెట్టి గద్దె వైపు చూసింది. ఇంటి ముందర నీళ్లు! ఇన్నేళ్లూ వాటి మీద నుంచి నడిచిపోయా తాను వాగుకు పోయింది? ముందు ఏడుపొచ్చింది, ఆ వెనకే కోపం వచ్చింది.

సాయంత్రం స్నానం చేసి, గద్దె మీద పేకాటకు కూర్చోబోతున్న నర్సింగానికి చెప్పింది. అతను నవ్వాడు.

"గా సారుకే నమ్మకం లేదంటివి. నలుగురు కూసునే గద్దె కూలగొడ్తమా? ఇన్నొద్దులు తెస్తనే ఉన్నవు గద, నీ నెత్తేమన్న అరిగిందా?"

గద్దె మీదున్న వాళ్లంతా నవ్వారు. లస్మవ్వ లోపలికి వచ్చి కొంగు కింద చెయ్యి పెట్టి తడుముకుంది. బిందె కింది చుట్టబట్ట ఒత్తుకుని నడినెత్తిన వెంట్రుకలు ఊడి, అక్కడ నున్నగా ఉంది. అరిగింది, నిజంగానే అరిగింది. ఇన్నేళ్ల కాపురంలో అతను ఏనాడూ చూడలేదు. బంకమన్నైతే? కానీ, ఏం పోతుంది? నలుగురు కూర్చునే చోటు పోతుంది. తన మెడ పోతున్నప్పుడు ఎవరూ ఇంత ఆలోచించలేదే!

మరునాడూ ఎప్పటిలాగే గోలెం నింపింది. షిఫ్టు దిగే వేళకు చాప తీసి చూరు కింద పరిచింది. "జర గీడ కూసో మామా," అని ఆగయ్యను దించి, గోలెంలోని నీళ్లన్నీ గద్దె నడుమ గుమ్మరించింది. మెత్తబడిన మట్టిలో గడ్డపార దించింది.

"ఏందే, పిచ్చి లేసిందా?" ఆగయ్య కేకలకు వాడకట్టు ఆడవాళ్లు పోగయ్యారు. పక్కింటి సమ్మవ్వ కాసేపు చూసింది. ఇంట్లోకి పోయి పార తెచ్చుకుంది.

నర్సింగం నిలువెల్లా నల్లగా వచ్చి నిలబడ్డాడు. ఖాళీ గోలెం వైపు చూశాడు.

"నా నీళ్లేవే?"

లస్మవ్వ గుంతలోంచి నెత్తి పైకెత్తింది. కొంగు ఎప్పుడో జారిపోయింది, సవరించుకోలేదు. గడ్డపారను అతని చేతికి అందించింది.

"గీ కిందున్నయంటున్నరు. నేనైతే రేపటిసంది వాగుకు పోను. తవ్వుతవా బావా, గట్లనే మసితోని పండుకుంటవా?"