యూఫేమ్ మెచ్చుకోలు

యూఫేమ్ చేసిన నేరం ఇది. పొరుగింటి గ్రిసెల్ ఆవును చూసి "ఎంత బాగుందే!" అంది. వెంటనే "దేవుడు చల్లగా చూడాలి" అనలేదు. వాళ్లుండే ఫైఫ్ తీరంలో, దిష్టి తగులుతుందని, బిడ్డనైనా గొడ్డునైనా ఆ మాట చేర్చకుండా ఎవరూ పొగడరు. ఆమెకూ తెలుసు. సరిగ్గా అప్పుడే దగ్గొచ్చింది, అంతే.

వారం తిరక్కుండా ఆవు ఒట్టిపోయింది. గ్రిసెల్ వెళ్లి చర్చి పెద్దల దగ్గర మొత్తుకుంది. ఆమె చెప్పింది ఆవు గురించి. వాళ్లు విన్నది సైతాను గురించి.

మంత్రగత్తెను నిద్రపోనివ్వకపోతే నిజం కక్కుతుందని పెద్దల నమ్మకం. ఇరుగుపొరుగు వంతులవారీగా కాపలా ఉండి, కునుకు పడితే సూదితో పొడవాలి. ఒప్పుకుంటే కాలుస్తారు. ఆ మధ్యాహ్నం యూఫేమ్‌ను బంధించిన చర్చి గంటగదిలో గ్రిసెల్ వంతు వచ్చింది.

"కాసేపు పడుకోనివ్వవే. లేకపోతే సాయంత్రానికి చంద్రుణ్ణి మింగావా అన్నా ఔననేస్తాను," అంది యూఫేమ్.

"నా చేతిలో ఏముందక్కా?"

"సూది ఉంది."

గ్రిసెల్ తల దించుకుంది. యూఫేమ్ ఆమెను ఎగాదిగా చూసింది.

"కడుపుతో ఉన్నావు కదూ? ముఖం కళకళలాడుతోంది. బిడ్డ పుష్టిగా పుడతాడు."

అక్కడితో ఆపేసింది.

గ్రిసెల్ ఆమె ముందు మోకరిల్లింది. "అక్కా! ఆ మాట కూడా అను! నీ కాళ్లు పట్టుకుంటా!"

"ఓ కునుకు తీసి లేచాక అంటాలే."

గ్రిసెల్ సూదిని తలగుడ్డకు గుచ్చేసింది. యూఫేమ్ గురక పెట్టి మరీ నిద్రపోయింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినగానే గ్రిసెల్ ఆమెను తట్టి లేపింది. చర్చి పెద్ద ఆర్చిబాల్డ్ లోపలికొచ్చాడు.

"పడుకుందా?"

నిజం చెబితే మంత్రగత్తెకు తోడుపడినట్టే. రేపు యూఫేమ్ కూర్చున్న ఈ గడ్డి మీద తను కూర్చోవాలి.

"లేదయ్యా. రెప్ప వాల్చలేదు."

ఆర్చిబాల్డ్ వంగి యూఫేమ్ ముఖాన్ని పరీక్షగా చూశాడు.

"ఇన్నాళ్లూ నిద్రలేని మనిషి ఇంత తేటగా ఉందంటే, ఇక ఒప్పుకోలు దేనికి? సైతాను సాయం కళ్లెదుటే కనబడుతోంది. కట్టెలు పేర్చమంటాను."

గ్రిసెల్ నోరు తెరిచింది. చెయ్యి కడుపు మీదికి పోయింది. నోరు మూసుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది, కానీ చచ్చేది తను కాదు.

యూఫేమ్ అంతా చూసింది.

"నీ బిడ్డను దేవుడు చల్లగా చూడాలే," అంది చివరికి.

"ఆమెన్," అన్నాడు ఆర్చిబాల్డ్, అలవాటు కొద్దీ.

గ్రిసెల్‌కు మాత్రం ఆమెన్ అన్న మాట నోట రాలేదు.