రెండుసార్లు ఆగిన గాలి

గనిలో ఎవరైనా చిక్కుకుంటే పైన ఉన్నవాళ్లంతా నా మొహం చూస్తారు. నా ఉద్యోగమే అది. అత్యవసర సహాయక దళానికి సూపర్‌వైజర్‌ని. మామూలు రోజుల్లో మా దళం ఎవరికీ పట్టదు. మాస్కు తొడుక్కోవడం నేర్పిస్తుంటే ఆవులిస్తారు, స్ట్రెచరు మోయడం నేర్పిస్తుంటే దానిమీద పడుకుని గురక పెడతారు. నా గొంతు పెద్దది కాబట్టి చాటుగా సైరన్ అని పిలుచుకుంటారని కూడా నాకు తెలుసు. పిలుచుకోనీ, నాకేం నష్టం.

ఆ పొద్దున కింది అంతస్తులో ఒక గోడ తెగింది. పక్కనున్న పాత తవ్వకంలో ఏళ్లుగా నిలవున్న నీళ్లు ఒక్కపెట్టున లోపలికి దూకాయి. షిఫ్టులో ఉన్నవాళ్లు పడుతూ లేస్తూ బయటపడ్డారు, ముగ్గురు తప్ప. దారి తెగిపోవడంతో ఆ ముగ్గురూ వాలుగా పైకి తవ్వుతున్న ఒక సొరంగంలోకి ఎక్కారు. దాని కొస మూసుకుపోయి ఉంటుంది. కింద చూస్తే నీళ్లు, పైన చూస్తే రాయి. ముందు నుయ్యి వెనుక గొయ్యి అని ఊరికే అంటుంటాం గానీ, వాళ్లు నిజంగానే అందులో పడ్డారు.

ఒకరు దుంగల మేస్త్రి, పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పెద్దాయన. రెండోవాడు మిషన్ నడిపేవాడు, నోరు మూతపడదు కాబట్టి అందరూ రేడియో అంటారు. మూడోవాడు నా తమ్ముడు.

ఆ సొరంగం కొసదాకా ఒక ఇనుప గొట్టం వెళుతుంది. రాయికి కన్నాలు వేసే మిషన్లకు కంప్రెసర్ నుంచి గాలి పంపడానికి వేసిన గొట్టం. ఇప్పుడు ఆ గాలే వాళ్లకు ఊపిరి. నీళ్లు ఒక్కసారిగా పైకెక్కకుండా ఆపుతున్నదీ అదే. గ్లాసు బోర్లించి బకెట్లో ముంచితే లోపలికి నీళ్లు రావు చూడండి, అలాగన్నమాట. కాకపోతే ఈ గ్లాసుకు పగుళ్లున్నాయి. గాలి పంపుతున్నా నీళ్లు అంగుళం అంగుళం ఎక్కుతూనే ఉంటాయి, ఆపితే మరుక్షణం నుంచి ఉరుకుతాయి.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. కిందవాళ్లు బతికున్నారో లేదో తెలియాలంటే ఆ గొట్టానికే చెవి ఆనించాలి. ఎంతమంది బతికుంటే అన్ని దెబ్బలు కొట్టాలని మా నియమం. కానీ గాలి పోతున్నంతసేపూ ఆ హోరులో దెబ్బలు వినపడవు. వినాలంటే వాల్వు మూయాలి. అంటే వాళ్లు ఊపిరి తీస్తున్నారో లేదో తెలుసుకోవడానికి ఆ ఊపిరే ఆపాలి. ఇలాంటి ఏడుపుగొట్టు పని పగవాడికి కూడా వద్దు.

మొదటిసారి మూసినప్పుడు వెంటనే వినపడ్డాయి, ముచ్చటగా మూడు దెబ్బలు. అందరి ముందూ ఏడ్చేశాను. సైరన్‌కి నీళ్లు కూడా వస్తాయా అని ఎవరో అన్నారు, ఆ నవ్వు ఆ కాసేపటికి అందరికీ కావలసి వచ్చింది.

మధ్యాహ్నానికి నవ్వే ఓపిక ఎవరికీ లేదు. ఉన్న పంపు చాలడం లేదు. ఇంకో పంపు కిందికి దించితేనే నీళ్లు మనిషి నడిచేంత తగ్గుతాయి. అది దించాలంటే నలుగురు వెళ్లి, పెళ్లలు రాలుతున్న కప్పు కింద నిలబడి బిగించాలి. నా దళంలోవాళ్లు బూట్లు కట్టుకుని కూర్చున్నారు. మేనేజరు అడ్డం పడ్డాడు.

“ముందు ఇంకోసారి వినండి. చప్పుడుంటే పంపిస్తాను. లేకపోతే లేదు. పోయినవాళ్ల కోసం ఉన్నవాళ్లను పోగొట్టుకోలేనమ్మా.”

“గాలి ఆపితే నీళ్లెక్కుతాయి సార్.”

“నాకు తెలుసు. కింద మీ తమ్ముడున్నాడని కూడా తెలుసు. అందుకే మీ మాటమీద పంపలేను, వాళ్ల చప్పుడుమీదే పంపుతాను.”

తిట్టడానికి నోటిదాకా వచ్చింది. కానీ ఆయన కుర్చీలో ఉంటే నేనూ ఆ మాటే అనేదాన్ని. అందుకే మరింత మండింది.

వాల్వు మూయించాను. హోరు ఆగిపోయింది. గొట్టానికి చెవి పెట్టి ఊపిరి బిగబట్టాను. ఏమీ లేదు. లోపల నీళ్లు ఎక్కుతున్నాయన్న సంగతి తప్ప నా బుర్రలో ఇంకోటి లేదు. “తెరువు, తెరువు!” అని అరిచాను. కంప్రెసర్ ఆపరేటర్ తెరిచాడు. మేనేజరు నా వంక చూస్తున్నాడు. ఆ చూపు భరించలేక “సరిగ్గా వినలేదు, మళ్లీ మూయి” అన్నాను. మళ్లీ మూశాడు. మళ్లీ అంతే, చెవికి ఇనుము చల్లగా తగలడం తప్ప ఏమీ లేదు. తెరిపించాను.

మేనేజరు నెమ్మదిగా హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. చనిపోయారని తేలకుండానే హెల్మెట్ తీసేస్తాడా మనిషి! నాకు ఒళ్లు భగ్గుమంది. అయినా అనడానికి ఏముంది. చప్పుడు లేదన్నది నా చెవే.

అప్పుడు దీపాల గదిలోంచి మా మరదలు వచ్చింది, తమ్ముడి భార్య. షిఫ్టుకు వెళ్లేవాళ్లకు తలదీపాలు ఇచ్చి, తిరిగొచ్చాక తీసుకునే ఉద్యోగం ఆమెది. పొద్దుటినుంచీ తుడిచిన దీపాలే మళ్లీ తుడుస్తోంది.

“వదినా, గాలి రెండుసార్లు ఆపావు” అంది.

“అవునే. రెండుసార్లూ ఏమీ వినపడలేదు.”

“ఎలా వినపడుతుంది? వెంటవెంటనే రెండుసార్లు గాలి ఆగితే ఏమిటర్థం? నా గది కంప్రెసర్ పక్కనే కదా, రోజూ వింటాను. రెండుసార్లు ఆగుతుంది, తర్వాత నా గోడలు వణుకుతాయి.”

రెండుసార్లు గాలి ఆగితే మా గనిలో పేలుడు పెడుతున్నామని గుర్తు. సొరంగం కొస వదిలి కిందనున్న మలుపు దాకా దిగి దాక్కోవాలి. పేలుడు మేస్త్రి గొట్టంమీద ఆగి ఆగి సుత్తితో కొట్టి ‘అయిపోయింది’ అని చెప్పేదాకా ఎవరూ కదలకూడదు. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఈ పాఠం చెప్పేది నేనే. కదిలితే చెవులు పిండుతానని బెదిరించేదీ నేనే. ఊరందరికీ చెప్పిన పాఠం నా భయంలో నాకే గుర్తు రాలేదు.

“పైనుంచి రాయి పేల్చి తమని బయటికి తీస్తున్నామనుకుని ఉంటారు” అన్నాను. “గొట్టం దగ్గర ఎవరూ ఉండరు. మలుపు దాకా దిగిపోయుంటారు.”

“మలుపు దగ్గర నీళ్లు లేవా?” అంది మరదలు.

సుత్తి అందుకుని గొట్టంమీద ఆగి ఆగి కొట్టాను. చేతులు జిల్లుమనేదాకా కొట్టాను. వాళ్లు చీకట్లో పాక్కుంటూ పైకెక్కడానికి టైము పడుతుంది. అంతసేపూ నిలబడటం నావల్ల కాలేదు, కాలు కాలిన పిల్లిలా గొట్టం చుట్టూ తిరిగాను.

“ఇప్పుడు మళ్లీ మూయాలి” అన్నాను మరదలితో. “నీళ్లు ఇంకా ఎక్కుతాయి. ఏం చెయ్యమంటావు?”

“మూయి వదినా. ఇప్పుడు వినకపోతే ఎవరూ దిగరు. ఎవరూ దిగకపోతే ఊపిరి ఉండి మాత్రం ఏం లాభం?”

మూయించాను. ఈసారి తొందరపడలేదు. ఆపరేటర్ వాల్వుమీద చెయ్యేసి నా వంకే చూస్తున్నా తెరవమనలేదు. చాలాసేపటికి, ఎక్కడో దూరాన ఎవరో తలుపు తట్టినట్టు ఒక దెబ్బ. ఆగి, ఇంకొకటి. తర్వాత ఏమీ లేదు. చెవి నొప్పెట్టేదాకా ఆనించి ఉంచాను. మూడోది రాలేదు.

మేనేజరు నా మొహం చూసి హెల్మెట్ పెట్టుకుని “పంపు దించండి!” అని కేకేశాడు. నా నలుగురూ లేచి పరిగెత్తారు.

“ఎన్ని?” అంది మరదలు.

“రెండు.”

ఏ ఇద్దరో నాకు మాత్రం ఏం తెలుసు. ఇద్దరం దీపాల గది మెట్టుమీద కూర్చున్నాం. గేటు దగ్గర రేడియో వాళ్లమ్మ, దుంగల మేస్త్రి భార్య ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. రెండన్న కబురు వాళ్లకూ చేరింది. మేస్త్రి భార్య నాకు చేయెత్తి దణ్ణం పెట్టింది. అప్పుడు నేను మనసులో ఏమనుకున్నానో దాచుకోను. మా తమ్ముడు కాకుండా ఉంటే చాలనుకున్నాను. అంటే ఆ ఇద్దరాడవాళ్లలో ఒకరి కొంప మునగాలనే కదా. అనుకున్నాను, మళ్లీ మళ్లీ అదే అనుకున్నాను.

పంపు పనిచేసింది. కప్పు పెళ్ల రాలి మావాడొకడి భుజం చితికింది గానీ ప్రాణం మీదికి రాలేదు. పొద్దు వాలేవేళకు లిఫ్టు పైకొచ్చింది. ముందు స్ట్రెచరుమీద రేడియో ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాడు, ఒక్కమాట లేదు. వెనకాల ఇద్దరి భుజాలమీద చేతులేసుకుని నడుస్తూ మా తమ్ముడు. మరదలు వాడి మొహం రెండు చేతులతో తడిమి తడిమి చూసి, అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్కసారి ఏడ్చింది. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. నానిపోయి మెత్తగా, మంచులా ఉంది. వాడు బతికొచ్చాడన్న సంతోషంతో నాకు కాసేపు ఇంకేమీ కనపడలేదు.

“పెద్దాయనేడిరా?” అన్నాను ఆఖరికి.

“దీపాలన్నీ ఆరిపోయాయక్కా. కునుకు పట్టింది మాకు. గాలి ఆగగానే లేచాం, సుత్తి చేతికి తగిలేలోపే మళ్లీ వచ్చేసింది. కొడదామంటే మళ్లీ ఆగింది. పేలుస్తున్నార్రా, పదండి కిందికి అన్నాడు మేస్త్రి. మలుపు దగ్గర గోడలో గూడు ఇద్దరికే సరిపోయింది. మమ్మల్ని లోపలికి తోసి తను నీళ్లలో నిలబడ్డాడు. మేం పైకి పోదామంటే, కదలకండి, కదిలితే మీ అక్క చెవులు పిండుతుంది అని నవ్వాడు. మొదట నడుం దాకా ఉన్నాయి. తర్వాత ఇంకా ఎక్కాయి. చెయ్యి పట్టుకునే ఉన్నానక్కా. సుత్తి దెబ్బలు వినపడేలోపే చలికి నా వేళ్లు పట్టు తప్పాయి.”

గేటు దగ్గర మేస్త్రి భార్య, లిఫ్టులోంచి ఇంకెవరు దిగుతారా అని మడమలెత్తి చూస్తోంది.

“ఇంతకీ ఎందుకు పేల్చలేదక్కా?” అన్నాడు తమ్ముడు. “అంతసేపు కాచుకున్నాం.”

“పేలుడు లేదురా” అన్నాను. “మీ చప్పుడు వినాలని నేనే గాలి ఆపించాను. రెండుసార్లూ నేనే.”

వాడికి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకున్నాడు.