మైల దాటని ద్వారం

సకుజి పడవ వేటకి వెళ్లి నెల దాటింది. మనిషి రాలేదు. శవమూ రాలేదు.

అతని భార్య యోషినోకి ఆ రెండో మాటే ఆధారం.

ఆ ఊళ్లో ఎవరైనా పోతే, మైల తీరేదాకా ఆ ఇంటివాళ్లు కొండమీది గుడి ఎర్ర ద్వారం దాటరు. ఇంట్లో దేవుడి గూటికి తెల్ల కాగితం అంటించేస్తారు. చావు దేవుడి కంట పడకూడదు. యోషినో ఇంట్లో గూడు తెరిచే ఉంది. ఆమె రోజూ తెల్లవారగానే గుడికి వెళుతూనే ఉంది. తను ఆ ద్వారం దాటినంత కాలం సకుజి బతికున్నట్టే.

ఆ రోజూ బయల్దేరింది. రేవు పక్కన సముద్రపు నాచు ఆరేస్తున్న ఇసె తలెత్తింది.

"ఏవమ్మా, మళ్లీనా? నీ పోరు పడలేక ఆ దేవుడే ఊరొదిలి పోతాడు చూడు."

"పోతే పోనీ పిన్నీ. దారిలో మా ఆయన కనిపిస్తే వెంటబెట్టుకు రమ్మను."

ఇసె నవ్వింది. అంతలోనే నవ్వు ఆపేసింది.

"మా ఇంట్లోనూ వేటకెళ్లే మగాళ్లున్నారే. మైలుందో లేదో తేలకుండా నువ్వలా గుళ్లోకి పోతుంటే నాకు భయమేస్తోంది."

"తేలలేదు కదా. తేలితే వెళ్లను."

ఆగకుండా కొండెక్కింది. పైన్ చెట్ల మధ్య, తలుపుల్లేని రెండు స్తంభాల ఎర్ర ద్వారం. దాని వెనక చిన్న గుడి. గుడి వెనక సముద్రమే. అలలు కింద బండల్ని కొడుతుంటే నురగ గాలికి పైదాకా వచ్చి మొహాన పడుతోంది. ద్వారం ముందు వంగి దణ్ణం పెట్టి లోపలికి వెళ్లింది. చేతులు కడుక్కుంది. దేవుడి ముందు రెండుసార్లు వంగింది. కొట్టాల్సిన రెండు చప్పట్లలో ఒకటి చరిచింది.

"యోషినో!"

రెండో చప్పటకి లేచిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

ద్వారం అవతల అత్త తోమె నిలబడి ఉంది. మోకాళ్ల నొప్పులతో పెరట్లోకే కర్ర లేకుండా వెళ్లలేని మనిషి. కర్ర లేదు. ఆయాసంతో వగరుస్తోంది.

"ఇంటికి రా."

"పూజ సగంలో ఉంది అత్తయ్యా."

"సగంలోనే వదిలెయ్."

యోషినో ద్వారం వైపు నాలుగడుగులు వేసి ఆగింది. అత్త వేళ్ల మీద ఏదో తెల్లగా ఎండి ఉంది. అన్నం మెతుకుల జిగురు.

"ఏం అంటించారు?"

"తలుపు కాగితం చిరిగితే..."

"అది నేను మొన్ననే అతికించాను."

తోమె చేతులు నడుం చుట్టూ తడుముకుని, ముందు కట్టుకున్న వంటగుడ్డ కింద దాక్కున్నాయి.

"లోపలికి రండి అత్తయ్యా," అంది యోషినో. "ఒక్క అడుగు. మీరు ఈ ద్వారం దాటితే చాలు. ఇంకేం అడగను. దేవుడి గూడు తెరిచే ఉందని నమ్ముతాను."

తోమె ద్వారం వైపు చూసింది. కోడలి మొహం చూసింది. కాలు ఎత్తింది.

దాటేసి అబద్ధం ఆడేద్దామనే అనుకుంది. ఒక్క రోజు. ఒక్క పూట. కాలు నేలకు జానెడు ఎత్తున ఆగింది. ముందుకు పడలేదు. ఎత్తిన చోటే దిగింది.

యోషినోకి ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఎక్కడ?" అంది.

"పై ఊరి వాళ్ల వలలో. నువ్విటు బయల్దేరగానే ఫోనొచ్చింది. మొహం... పోల్చలేరట. నడుముకి ఈ గుడి తాయెత్తు ఉందట. నువ్వు కుట్టిన ఎర్రదారం సంచిలో." తోమె మొహం తిప్పుకుంది. "నీకెలా చెప్పాలో తెలీలేదే. నోరు రాలేదు. ముందు చేతులకి ఓ పని చెప్పాను."

యోషినో ఏడవలేదు. ద్వారం దాకా వచ్చి ఆగిపోయింది. పక్కకి తిరిగి, స్తంభం పక్కన వాలులోని ముళ్లపొదల్లోకి దిగింది. బట్టలు చిరుగుతున్నాయి. కింద సముద్రం హోరెత్తుతోంది.

"పిచ్చిదానా, పడతావే! ద్వారంలోంచి రా. బయటికొచ్చేదానికి తప్పేముంది?"

"ఇప్పుడు తెలిసింది కదా అత్తయ్యా."

తోమె వంగి, ముళ్లల్లోకి చెయ్యి చాచింది. ఎండిన జిగురుతో గరుకుగా ఉన్న ఆ వేళ్లని పట్టుకుని యోషినో ఇవతలికి వచ్చింది. ఇద్దరూ గుడి వైపు వీపు తిప్పి కూలబడ్డారు.

కింద రేవులో ఎవరి పడవో వేటకి బయల్దేరుతోంది. ఒడ్డున ఆడవాళ్లు చేతులు ఊపుతున్నారు. యోషినో అలవాటుగా చెయ్యెత్తబోయి, దించేసుకుంది.