పొట్టు లేని గింజ

"రేపొద్దున ఈ వాకిట్లో చిటికెడు పొట్టు కనబడిందా, పిట్టలతో పాటు నువ్వూ ఎగిరిపోవాల్సిందే!"

ఇంటి యజమాని వీరరాఘవయ్య పట్టు కండువా దులుపుకుంటూ అన్న మాట అది. ఆయన అన్నాడంటే అన్నంత పనీ చేస్తాడు. పోయిన ఏడు తోటమాలి అలాగే మూటాముల్లె సర్దుకున్నాడు.

జూబ్లీహిల్స్‌లో ఆ బంగళాను షూటింగులకిచ్చేవారు. చూసుకునేది ప్రేమకుమారి. లైట్‌మాన్‌గా పనిచేసిన ఆమె భర్త శాంతరాజు జామచెట్టు కింద మట్టిమూకుడు పెట్టి, రోజూ గుప్పెడు కొర్రలు పోసేవాడు. మనిషి పోయి నాలుగేళ్లయింది. ఆమెకు మిగిలినవి పెరట్లో ఆ చిన్న గదీ, ఈ మూకుడూ. రెంటిలో ఏది పోయినా బతకలేననుకునేది, పిచ్చిది.

పిచ్చుకలు కొర్రను ఒలిచి బియ్యం తిని పొట్టు వదిలేస్తాయి. గాలొస్తే అదంతా మెట్లెక్కి హాల్లోకి చేరుతుంది. ఆ రోజు వాకిట్లో కూర్చుని తల్లి ఏడ్చే సీను తీశారు. వెనక పిచ్చుకలు గింజలేరుకుంటుంటే డైరెక్టరు మురిసిపోయాడు. సాయంత్రం యూనిట్ వెళ్లాక అయ్యగారు వచ్చారు, పొట్టు చూశారు, ఆ మాట అన్నారు.

ప్రేమకుమారి పరుగున యూసుఫ్‌గూడలో హనుమంతు కొట్టుకు పోయింది.

"అన్నా, పొట్టు రాని గింజ కావాలి. రేపు నా గది ఉంటుందో ఊడుతుందో దాని మీదే ఉంది."

"సజ్జలు తీస్కపో అక్కా. పొట్టు గిట్ల రాదు."

"మొన్న వానకి లాన్‌లో సజ్జ మొలకలొచ్చాయని ఒక తిట్ల పురాణం అయింది."

"మరి నూకలు?"

ఆమె గుప్పెడు తీసి చూసింది. అరచెయ్యి తెల్లబడింది. నల్లరాతి మెట్ల మీద ఆ పిండి ఇట్టే కనబడుతుంది.

హనుమంతు లోపల్నించి సంచీ తెచ్చాడు. "గిది కొర్రబియ్యం. ఒలిచిందే. పొట్టు లేదు, మొలక రాదు. జర ఊది చూడు."

ఆమె చేతిలో పోసుకుని ఉఫ్‌మని ఊదింది. ఏమీ ఎగరలేదు. అప్పుడు గానీ ఆమె గుండె కుదుటపడలేదు.

తెల్లారకముందే వాకిలి ఊడ్చి, కడిగి, తుడిచింది. పాత పొట్టంతా గోనెసంచిలోకెత్తి, మంటకు పనికొస్తుందని స్నానాలకు నీళ్లు కాగే పొయ్యి దగ్గర పెట్టింది. మూకుడు నల్లగా ఉందని దాన్నీ తీసేసి, తళతళలాడే స్టీలు పళ్లెంలో కొర్రబియ్యం పోసింది. పిచ్చుకలు గోడ మీద వాలి, పళ్లెం వంక చూసి, అక్కడే కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు.

ఎనిమిదింటికి యూనిట్ దిగింది. అసిస్టెంట్ డైరెక్టరు సుబ్రహ్మణ్యం, నిన్న సీనులో ఏది ఎక్కడుందో రాసుకున్న పుస్తకం చూశాడు, నేల చూశాడు, మళ్లీ పుస్తకం చూశాడు.

"పొట్టేదండీ?"

"ఊడ్చేశానండీ," అంది ప్రేమకుమారి, కాస్త గర్వంగానే.

అతను తల పట్టుకున్నాడు. "నిన్న సగం తీసిన సీను అండీ ఇది! ఏడుస్తున్నావిడ మధ్యలో లేచి చీపురు పట్టిందనుకుంటారా జనం? మూకుడు కూడా మార్చేశారా? తల్లి వేషం వేసే అమ్మగారు మధ్యాహ్నం విమానానికి మద్రాసు వెళ్లిపోతారు, మళ్లీ నెల దాకా రారు!"

డైరెక్టరు వచ్చాడు. వెనకే వీరరాఘవయ్య. "ఎవరండీ ఇక్కడ చెయ్యి పెట్టింది? ఇలాగైతే ఈ ఇంటికి ఇంకో కంపెనీ వస్తుందా?" అని డైరెక్టరు మండిపడ్డాడు.

అందరి కళ్లూ ప్రేమకుమారి మీదే. అయ్యగారే ఊడవమన్నారని నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఆమె మాట మింగింది. "నేనేనండీ. పొట్టు ఉంది, తెస్తాను."

పెరట్లోకి పరుగెత్తింది. పొయ్యి రగులుతోంది. వంటావిడ నీలమ్మ సంచిలోంచి పొట్టు తీసి మంటలో విసురుతోంది.

"ఆపవే నీలమ్మా!"

సంచి అడుగున మూడు దోసిళ్ల పొట్టు మిగిలింది. దేవుడు దయామయుడు, అదే మహాభాగ్యం. ఆమె దాన్ని గుండెకు హత్తుకుని తెచ్చింది.

సుబ్రహ్మణ్యం పుస్తకం చూస్తూ ఎక్కడెంత పడాలో చెబుతున్నాడు. చేతులు చాలలేదు. చివరికి వీరరాఘవయ్యే కండువా నడుముకు చుట్టి, మోకాళ్ల మీద కూర్చుని పొట్టు చల్లాడు.

"ఆ మెట్టు మీద ఇంకాస్త, అయ్యగారూ," అన్నాడు సుబ్రహ్మణ్యం.

ప్రేమకుమారి స్టీలు పళ్లెం తీసి, మట్టిమూకుడు పాత చోటే పెట్టి, కొర్రబియ్యం అందులోకి వంచింది. అంతా ఊపిరి బిగబట్టారు. గోడ మీంచి ఒక పిచ్చుక దిగింది. దాని వెనక పది దిగాయి.

పదకొండున్నరకు షాటు ఓకే అయింది. చప్పట్లు మోగాయి. ప్రేమకుమారి చీపురందుకుంది. గది సంగతి ఇంకా తేలలేదు.

వీరరాఘవయ్య దగ్గరికొచ్చాడు. "నేను ఊడవమన్నానని చెప్పలేదేం?"

"చెబితే ఏం లాభమండీ?"

ఆయన వంగి మూకుట్లోంచి చిటికెడు కొర్రబియ్యం అరచేతిలోకి తీసుకుని ఊదాడు. ఏమీ ఎగరలేదు.

"ఇకమీదట ఇదే వెయ్యి. షూటింగ్ లేని రోజుల్లో వాకిలి శుభ్రంగా ఉండాలి." రెండడుగులు వేసి ఆగాడు. "ఈ సీనులో ఇంకా ఏవో ముక్కలు తీయాలట, వచ్చే నెల మళ్లీ వస్తారు. ఆ పొట్టు ఎత్తి నీ గదిలోనే భద్రంగా పెట్టు. పొయ్యిలో వెయ్యకు."

నీ గదిలోనే అన్నాడు. ప్రేమకుమారికి కళ్లు నిండిపోయాయి.

పొట్టంతా ఎత్తి, సంచి మూతి గట్టిగా కట్టింది. పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది. ఆ రోజు చన్నీళ్లే పోసుకుంది, హాయిగా.