గవర్రాజు గారి మూడో ఫోటో

నేను ఒక ఫోటోని. పోస్టుకార్డు సైజు. పుట్టింది రామచంద్రపురంలో ఒక స్టూడియోలో. "నవ్వండి" అన్నాడు స్టూడియో అతను. సరిగ్గా అప్పుడే కామేశం అనే నీటిపారుదల గుమాస్తాకి తుమ్ము వచ్చింది. ఒక కన్ను మూసుకుపోయింది, మూతి పక్కకు తిరిగింది. ఆ అరసెకనే నా జన్మ. ఇంకోటి తీస్తానంటే కామేశం "పర్లేదండీ, ఇది చాలు" అని లేచిపోయాడు. కిలో వంకాయలు కొనేటప్పుడు మాత్రం ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూస్తాడట.

పెళ్లిసంబంధం కోసం కామేశం నా వెనక తన ఫోను నంబరు రాసి, నన్ను మధ్యవర్తి గవర్రాజు చేతిలో పెట్టాడు. నన్ను చూడగానే గవర్రాజు ముఖం వెలిగిపోయింది. నిధి దొరికినవాడిలా సంచిలో వేసుకున్నాడు. ఎందుకో తరువాత తెలిసింది.

ఏ ఇంటికెళ్లినా మూడు ఫోటోలు పరుస్తాడు. మొదటిది ఓడ ఇంజనీరు. రెండోది ఆయన అంటగట్టాలనుకున్నవాడు. మూడోది నేను. రెండోవాడు ఎప్పుడూ ఎవరో ఒక గుమాస్తాయే, మావాడూ గుమాస్తాయే. కానీ రెండోవాడు మావాడికన్నా మూడంగుళాలు పొడుగు, సొంతిల్లుంది, రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి. ఓడవాడిని దేనితో పోల్చాలో ఎవరికీ తెలియదు. నన్ను చూస్తే పోలిక ఇట్టే దొరుకుతుంది. వేలు వెళ్లి రెండోవాడి మీద పడుతుంది. పైగా "మేమే బాగా ఆలోచించి ఎంచుకున్నాం" అని వాళ్లే చెప్పుకుంటారు. నాలుగేళ్లలో పదిహేడు పెళ్లిళ్లు చేశాను.

పద్దెనిమిదో ఇల్లు అమలాపురంలో. సువర్చల రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, ముప్ఫై ఒకటి నిండాయి. ఈసారి రెండోవాడి పేరు శ్రీపతి. అతని మొదటి నిశ్చితార్థం ఎందుకు చెడిందో గవర్రాజుకు తెలుసు, సంచిలో ఉన్నాను గనుక నాకూ తెలుసు. అప్పుడు నిశ్చయమైన పిల్ల మీద చెయ్యి చేసుకున్నాడు.

"ఆయన లేచేలోపు మాటిచ్చెయ్యవే. మధ్యవాడు నిక్షేపంలా ఉన్నాడు" అంది మేనత్త చిట్టెమ్మ.

సువర్చల వేలు శ్రీపతి దాకా వెళ్లింది. నా గుండె ఆగింది. వేలు ఆగింది.

"ఒక్క నిమిషమండీ" అని నన్ను తీసి బోర్లా పెట్టింది. మిగిలిన ఇద్దరినీ చూసింది. "ఈయన్ని తీసేస్తే, ఈ శ్రీపతి గారిలో ఏముందండీ?"

"అదేంటమ్మా! సొంతిల్లు..."

"ఇల్లు సరే, మనిషి సంగతి చెప్పండి. మొదటిసారేనా సంబంధం చూడ్డం?"

గవర్రాజు మంచినీళ్లు అడిగాడు. చిట్టెమ్మ తెచ్చింది. తాగి, ఇంకో గ్లాసు అడిగాడు.

"వద్దులేవే అత్తా, ఆయనకి దాహం కాదు" అని సువర్చల నా వెనక ఉన్న నంబరుకు ఫోను చేసింది.

"నా ఫోటోనా అండీ?" అన్నాడు కామేశం. "నాలుగేళ్లుగా ఎవరికీ నచ్చలేదన్నారే గవర్రాజు గారు!"

"నచ్చిందనట్లేదండీ. ఆదివారం రండి, చూస్తాను. మధ్యలో ఆయన వద్దు."

శ్రీపతి ఫోటో, ఓడవాడి ఫోటో సంచిలోకి వెళ్లాయి. నన్ను మాత్రం సువర్చల ఇవ్వలేదు.

ఆదివారం కామేశం వచ్చాడు. పొట్టే. చొక్కాకి కాలర్ దగ్గర ఇస్త్రీ తప్పింది. నన్ను చూసి అదిరిపడ్డాడు. "దీన్నా అండీ ఊరూరా తిప్పింది?" అని పగలబడి నవ్వాడు. సువర్చల కూడా నవ్వింది. రెండు గంటలు మాట్లాడుకున్నారు. అతను వెళ్లాక మేనత్తతో అంది:

"ఫోటోలో కన్నా చాలా బాగున్నాడే అత్తా! ఒప్పుకుందామనిపిస్తోంది."

నేను బల్ల మీదే ఉన్నాను. గవర్రాజు ఎత్తును పట్టేసిన మనిషి, తెలియకుండా అదే ఎత్తులో పడింది. నా పక్కన నిలబెడితే ఎవరైనా అందగాడే. ఆ సంగతి ఆవిడకు ఎవరైనా చెప్పాలి.

నేను మాత్రం చెప్పదలచుకోలేదు.