తడిసిన లేసులు

పొయ్యి మంట తగ్గించి, కొర్నేయ్ ఫ్రీజెన్ మంచు హాకీ కర్ర కొసను దానిపైన జానెడు ఎత్తులో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. కొసకు చుట్టిన గాజుగుడ్డ మీద జిగురు మెల్లగా పొంగి, అణిగి, తేనెరంగుకు తిరుగుతోంది. వంటింటి కిటికీ బార్లా తెరిచినా వాసన పోవడం లేదు. కిటికీ అవతల సీసం కర్మాగారం గొట్టాలు పొగ వదులుతున్నాయి. మార్చి నెల మంచు మీద ఆ పొగ బూడిదపొరలా దిగుతోంది.

"ఇంకా ఆ కర్రకి సేవలెందుకయ్యా?" అంది అతని భార్య లీదా, గిన్నెలను పాత పేపర్లలో చుట్టి పెట్టెలో సర్దుతూ. "సాయంత్రం రైలెక్కేస్తున్నాం. జర్మనీలో దాంతో బట్టలుతుకుతావా?"

"మధ్యాహ్నం ఆట ఉందిగా."

"ఉంది. నిన్ను ఆటలోకి దింపుతారని ఎవరన్నారు?"

కొర్నేయ్ కర్రను ఇంకోసారి తిప్పాడు. అతని భయమూ అదే.

అతనికి ముప్పై ఏడేళ్ళు. ముక్కు విరిగి అతుక్కుని ఎడమకు వంగి ఉంటుంది. ముందుపళ్ళు రెండు లేవు కనుక నవ్వొస్తే పైపెదవిని కిందికి లాక్కుంటాడు. ఎడమ భుజం కుడి భుజం కన్నా ఒక వేలు దిగి ఉంటుంది. మంచు మైదానం చుట్టూ ఉండే పలకల గోడకు రాసుకుని రాసుకుని అలా అయిపోయింది. ఎడమ అంచున ఆడేవాడి బతుకంతా ఆ గోడ పక్కనే. ఆటలో బంతి బదులు వాడే నల్లటి రబ్బరు బిళ్ళ మూలకు పోతే వెనకే పోవాలి. ఇద్దరు మీదపడి నలుపుతున్నా దాన్ని బయటికి తవ్వి తీసి నడుమ ఉన్నవాడికి అందించాలి. నడుమవాడు గోలు వేస్తాడు. జనం నడుమవాడి పేరు అరుస్తారు.

జిగురు ఆరాక కర్రను గోడకు ఆనించి, స్కేట్ల బూట్లు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడమదానికి తన లేసే ఉంది, తెల్లది. కుడిదానికి ఉన్న లేసు విప్పేసి, జేబులోంచి పసుపు పారిన పాత లేసు తీసి ఒక్కో కన్నంలో ఎక్కించడం మొదలుపెట్టాడు. లీదా చూసింది. సంచిలో ఒక రొట్టె, నాలుగు ఉడికించిన గుడ్లు ప్రయాణానికని పెట్టుకుంది.

"స్టేషనుకి వెళ్తూ కారు స్టేడియం వెనక గుమ్మం దగ్గర ఆపిస్తాను. నిలబెట్టకు నన్ను" అంది.

మంచు మైదానానికి నడిచే వెళ్ళాడు. దారి ఇర్తిష్ నది పాయ పక్కగా పోతుంది. అతను మొదటిసారి స్కేట్ల మీద నిలబడ్డది ఆ పాయ మీదే. అప్పుడు బూట్లెక్కడివి? నాన్న ఇనపముక్కలు సానబట్టి ఇస్తే, ఉన్ని బూట్ల కింద తాళ్ళతో కట్టుకున్నాడు. బిళ్ళ లేక గడ్డకట్టిన బంగాళాదుంపతో ఆడేవాళ్ళు. నడుమ బులాత్, కుడి అంచున గేనా, ఎడమ అంచున తను. దుంప పగిలిపోతే గేనా వాళ్ళమ్మ కేకలు వినబడేవి: "దొంగవెధవల్లారా, రాత్రి చారులోకి ఏం వెయ్యమంటార్రా, మీ బుర్రలా?" ఆ ముగ్గురూ అదే వరసలో పెద్దయ్యారు. అదే వరసలో కర్మాగారం జట్టులోకి వచ్చారు. జీతాల కోసం కర్మాగారం లెక్కల్లో ముగ్గురూ ఫిట్టర్లు, చేసేది మాత్రం ఆటే. ఒకసారి కొర్నేయ్ సిగ్గేసి తను పని చేస్తున్నట్టు రాసుకున్న షెడ్డు ఎలా ఉంటుందో చూద్దామని వెళ్ళాడు. మేస్త్రీ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "నువ్వా ఫ్రీజెన్? ఇన్నేళ్ళుగా నా కింద పని చేస్తున్నావు, నీ మొహం చూడ్డం ఇదే!"

అమ్మ బతికుండగా ఒక్కసారే ఆట చూడ్డానికి వచ్చింది. ఆవిడ ఆదివారాలు వంటింటి తెరలు దించి, గొంతు తగ్గించి తాతల నాటి జర్మన్ భాషలో ప్రార్థన పాటలు పాడుకునే మనిషి. ఆట అయ్యాక కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ అడిగింది.

"నువ్వు గోలు వెయ్యవేంట్రా?"

"అది నా పని కాదమ్మా."

"మరి నీ పనేంటి?"

"మూలలోంచి తెచ్చివ్వడం."

ఆవిడ ఇంకో మెట్టు దిగింది. "పోనీలే. తెచ్చిచ్చేవాళ్ళని కూడా ఆయన చూస్తాడు" అంది. ఆయనంటే దేవుడు. కొర్నేయ్ ఆ మాట నమ్మాడు. నమ్ముతూనే ఒక్కోసారి, చూస్తే మాత్రం ఏం చేస్తాడు, చూసి ఊరుకుంటాడా అని అనుకునేవాడు. అమ్మ ఇప్పుడు ఊరి పైన గుట్ట మీద బిర్చి చెట్ల కింద ఉంది. ఉదయమే వెళ్ళి సమాధి మీద మంచు ఊడ్చి వచ్చాడు. రేపటి నుంచి ఎవరు ఊడుస్తారో తెలియదు.

బట్టలు మార్చుకునే గదిలో తడి ఉన్ని వాసన, చెమట వాసన, టీ వాసన. రహీమా పిన్ని చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఈ గదిలో ఆవిడ మాటే మాట. కోచ్‌లు మారారు, దేశం పేరే మారింది, రహీమా పిన్ని మారలేదు. ఆవిడ వెనక గోడకు వరసగా మేకులున్నాయి. ఒక్కో మేకుకు ఒక లేసుల జత వేలాడుతోంది. ఆట మానేసిన వాళ్ళవి. స్కేట్లు ఎప్పుడూ కరువే కనుక అవి తర్వాతివాడి కాళ్ళకు పోతాయి. లేసులు మాత్రం మేకుకు మిగులుతాయి. అయితే ఒక కట్టుబాటు ఉంది. సొంతవూళ్ళో చివరి ఆటలో మంచు మీదికి దిగి, ఆ మంచుకు తడిసిన లేసే మేకెక్కాలి. బెంచీ మీద కూర్చుని ముగించినవాడికి మేకు లేదు.

గేనాకు లేదు. అతని మోకాలు పొరుగూరి ఆటలో పోయింది. ఇక్కడి మంచు మీద మళ్ళీ అడుగు పెట్టలేదు. అప్పట్లో కొర్నేయ్ రహీమా పిన్నిని బతిమాలాడు. "ఒకడికి సడలిస్తే అందరూ అడుగుతార్రా" అందావిడ. గేనా నవ్వేసి, "మేకేంట్రా, నా చొక్కా తగిలించుకోడానికే ఇంట్లో మేకు లేదు" అన్నాడు. ఆ తర్వాత స్టేడియం ఉన్న వీధిలోకి రావడం మానేశాడు. రెండేళ్ళ కిందట, చలికాలంలో, నిద్రలోనే పోయాడు. అతని భార్య ఒక పొట్లం ఇచ్చింది. అందులో లేసులున్నాయి.

"అడిగావా కోచ్‌ని?" అంది రహీమా పిన్ని, ఇస్త్రీపెట్టె ఆపకుండా.

"లేదు."

"నోట్లో పళ్ళు లేవు సరే, నాలిక కూడా పోయిందా?"

"అడిగితే దింపుతాడు పిన్నీ. అందుకే అడగను. నన్ను దింపి ఓడిపోతే ఆ పాపం ఎవరిది?"

కోచ్ ఎవరో కాదు, బులాతే. ఆట మానేసి కోచ్ అయినప్పటి నుంచి జట్టు ముందు కొర్నేయ్ అతన్ని అండీ అంటాడు. బులాత్ కూడా మీరు అనే అంటాడు. అలా ఉండాలని ఇద్దరూ మాట్లాడుకోలేదు, అలా అయిపోయింది.

బులాత్ లోపలికి వచ్చాడు. కళ్ళ కింద నిద్ర లేని వాపు. "ఇవాళ గెలిస్తే పై శ్రేణిలో మిగులుతాం. లేకపోతే కిందికి. ఇంతకన్నా చెప్పడానికేం లేదు" అన్నాడు. వరసలు చెప్పాడు. చివర కొర్నేయ్ వైపు పూర్తిగా చూడకుండా, "ఫ్రీజెన్, మీరు తయారై బెంచీ మీద ఉండండి. అవసరమైతే పిలుస్తా" అన్నాడు.

"అలాగేనండీ" అన్నాడు కొర్నేయ్.

పక్కన గోలు కాసే గోలీ స్లావా తన కాళ్ళకు దిండ్లలాంటి కవచాలు కట్టుకుంటూ, "తాతా, బెంచీ వెచ్చగా ఉంచు, మధ్యలో వచ్చి కూర్చుంటాం" అన్నాడు. అందరూ నవ్వారు. కొర్నేయ్ కూడా పెదవి లాక్కుని నవ్వాడు.

ఆట మొదలైంది. ఉరాల్ నుంచి వచ్చిన జట్టు బలంగా ఉంది. కొర్నేయ్ బెంచీ చివర కూర్చుని, కర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని చూస్తున్నాడు. పైకప్పు రేకుల మీద జనం అరుపులు దొర్లుతున్నాయి. కాలి కింద రబ్బరు పరుపు పొడిగా ఉంది. బూట్ల లేసులు పొడిగా ఉన్నాయి, ఒకటి తెల్లగా, ఒకటి పసుప్పచ్చగా. మొదటి భాగం అయింది. రెండోది అయింది. చివరిదైన మూడో భాగంలో కర్మాగారం జట్టు ఒక గోలు ముందుకు వచ్చింది. జనం లేచి నిలబడ్డారు.

కొర్నేయ్ ప్రార్థన చేద్దామనుకున్నాడు. మొదలుపెట్టి ఆగిపోయాడు. తన అవసరం రావాలంటే జట్టుకు కష్టం రావాలి. అలాంటిది దేవుణ్ణి కోరవచ్చా? కోరకపోతే గేనా లేసు పొడిగానే ఇంటికి పోతుంది. ఇంటికి కూడా కాదు, ఇంకో దేశానికి. ఏం అడగాలో తెలియక, "నీకు తెలుసుగా" అని మాత్రం అన్నాడు లోలోపల, అమ్మ అన్నట్టే జర్మన్‌లో.

చివరి నిమిషాల్లో ఉరాల్ జట్టు తమ గోలీని బయటికి పిలిచేసి, అతని బదులు ఇంకో ఆటగాణ్ణి దింపింది. వాళ్ళ గోలు ఖాళీ. కర్మాగారం జట్టులో ఎడమ అంచున ఉన్న కుర్రాడికి ఆ ఖాళీ కనబడేసరికి ఆశ పుట్టింది. దూరం నుంచి కొట్టాడు. బిళ్ళ పక్కకు పోయింది. ఎదుటివాళ్ళు దాన్ని తీసుకుని ముంచుకొచ్చారు. స్లావా ఎలాగో ఒళ్ళంతా అడ్డుపెట్టి ఆపాడు. మళ్ళీ బిళ్ళ వీళ్ళకు దొరికింది. మళ్ళీ వాడు కొట్టాడు. మళ్ళీ పక్కకే.

బులాత్ బెంచీ వెనక అటూ ఇటూ తిరుగుతున్నవాడల్లా ఆగిపోయాడు. ఒక్కసారిగా అరిచాడు.

"ఒరేయ్ కొర్నేయ్! మూలకి పోరా!"

ఎన్నో ఏళ్ళ తర్వాత విన్న ఆ "ఒరేయ్" కి బెంచీ మీద కుర్రాళ్ళంతా తిరిగి చూశారు. కొర్నేయ్ అప్పటికే గోడ దూకాడు.

మోకాలు మొదటి అడుగులోనే అరిచింది. పట్టించుకోలేదు. వీళ్ళవాడొకడు బిళ్ళను అటువైపు ఎడమ మూలకు తోశాడు. కొర్నేయ్ వెళ్ళి దాన్ని రెండు పాదాల మధ్య, గోడకు ఆనించి ఇరికించాడు. గంట మోగేదాకా అది అక్కడ కదలకపోతే చాలు. నడుము వంచి మీద కప్పుకున్నాడు. వెనక నుంచి ఒకడు గుద్దాడు. ఇంకొకడు పక్కటెముకల మీద పడ్డాడు. కర్రలు కాళ్ళ మధ్య పొడుస్తున్నాయి. పొద్దున పొయ్యి మీద కాచిన అతని కర్ర ఫెళ్ళున విరిగింది. విరిగిన ముక్క వదిలేసి కాళ్ళతోనే బిళ్ళను ఇటు జరిపి అటు జరిపి పట్టుకున్నాడు. స్కేట్ల కింద లేచిన మంచుపొడి బూట్ల మీద, లేసుల మీద పడుతోంది. ముఖం పలకకు నొక్కుకుపోయింది. ఆ పలక మీద పాత గీతలు, రంగు ఊడిన మచ్చలు. ఇక్కడ తనకు తెలియని మచ్చ లేదు. పక్కన గేనా ఉంటే ఇప్పుడు ఏదో ఒక బూతుజోకు వేసేవాడు.

"వదలరా ముసలోడా!" అని వెనకవాడు రొప్పాడు.

"ఇంకాస్సేపు ఆగు నాయనా" అన్నాడు కొర్నేయ్.

గంట మోగింది.

జనం గోలీ పేరు అరిచారు. కుర్రాళ్ళంతా వెళ్ళి స్లావా మీద పడ్డారు. కొర్నేయ్ మూలలోనే గోడ పట్టుకుని మెల్లగా నడుము నిటారు చేసుకుని, విరిగిన కర్రముక్కలు ఏరుకుని, అందరికన్నా చివర మంచు దిగాడు.

గదిలో ఒకటే గోల. అతను తన చోట కూర్చుని లేసులు విప్పాడు. రహీమా పిన్ని వచ్చి చెయ్యి చాపింది. తెల్లది వేళ్ళ మధ్య నొక్కి చూసి తలూపింది. పసుప్పచ్చది అందుకుని ఆగింది.

"ఇదేంట్రా, ఒక్కోటీ ఒక్కో రంగు?"

"కుడిది గేనాది పిన్నీ."

ఆవిడ దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. వేళ్ళతో నొక్కింది. నీళ్ళు కారాయి. కొంగు లాంటి తలగుడ్డ అంచుతో ముక్కు తుడుచుకుని, "తడిసిందిగా. తడిస్తే ఎక్కాల్సిందే. నా కట్టు నేనెందుకు తప్పుతాను?" అంది కోపంగా. ఇస్త్రీబల్ల కింద నుంచి సుత్తి తీసి, వరస చివర, అతను కూర్చున్న చోటికి పైన గోడకు కొత్త మేకు కొట్టింది. రెండు లేసులూ కలిపి ముడేసి తగిలించింది.

వెనక గుమ్మం బయట కారు హారను మోగింది. లీదా.

ప్రయాణానికి బయల్దేరే ముందు కాసేపు కూర్చోవాలి. ఇక్కడ అందరికీ తెలిసిందే, ఎవరూ చెప్పక్కర్లేదు. బులాత్ వచ్చి కొర్నేయ్ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. అది చూసి ఒక్కొక్కరే కూర్చున్నారు. స్లావా అయితే కవచాలతోనే నేల మీద కూలబడ్డాడు. పక్కగదిలో ఎక్కడో కొళాయి కారుతోంది.

"జాలిపడి దింపలేదురా నిన్ను" అన్నాడు బులాత్, నేలవైపు చూస్తూ.

"తెలుసురా."

"నీలా పట్టుకునేవాడు ఇంకొకడు లేడు. అందుకే."

"తెలుసన్నానుగా."

కొర్నేయ్ మామూలు బూట్లు తొడుక్కుని లేచాడు. స్కేట్లు బెంచీ కిందికి తోశాడు, తర్వాతివాడి కోసం. బులాత్ అతని భుజం మీద, ఎత్తుగా ఉన్న కుడిదాని మీద, ఒకసారి చెయ్యి వేశాడు. రహీమా పిన్ని అతని కోటు గుండీ ఒకటి పెట్టి, "పో, ఆ పిల్ల చలిలో ఉంది" అంది. తలుపు తెరుచుకుంది, చల్లగాలి లోపలికి వచ్చింది, తలుపు మూసుకుంది. బయట కారు కదిలిన చప్పుడు కాసేపు వినబడి, నది వైపు మళ్ళి ఆగిపోయింది.

ఎవరూ వెంటనే లేవలేదు. గోడమీద కొత్త మేకుకు తెల్లదీ పసుప్పచ్చదీ కలిసి వేలాడుతున్న లేసుల కొసల నుంచి, కరిగిన మంచు బొట్టు బొట్టుగా, అతను లేచివెళ్ళిన చోట బెంచీ మీద పడుతోంది.